ఆసుపత్రి పార్కింగ్ నోటీసు: ట్రస్టును అడగడమా, అప్పీలా?

బ్రిటన్‌లోని ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఆసుపత్రుల్లో సిబ్బంది కార్లకు ప్రైవేటు కంపెనీ ఇచ్చే నోటీసు పోలీసు జరిమానా కాదు, ఒప్పందం ఉల్లంఘించారంటూ పంపే బిల్లు. దాన్ని ఎదుర్కోవడానికి దారులు రెండు.

మొదటిది ట్రస్టు, అంటే ఆసుపత్రిని నడిపే సంస్థ. స్థలం వారిది, కంపెనీని పెట్టుకున్నదీ చాలాచోట్ల వారే. పర్మిట్ ప్రతి, డ్యూటీ రోస్టరు జతచేసి రాస్తే ఒక్క ఈమెయిల్‌తో రద్దు చేయించగలరు. చిక్కల్లా, వారు తలచుకోవాలి.

అప్పీలుకు ఎవరి దయా అక్కర్లేదు. ముందు కంపెనీకి, వారు కాదంటే, బీపీఏ (బ్రిటన్ పార్కింగ్ కంపెనీల సంఘం) సభ్య కంపెనీ అయితే పోప్లాకు, అంటే ఇలాంటి నోటీసులపై అప్పీళ్లు వినే స్వతంత్ర సంస్థకు. ఇది ఉచితం, తీర్పుకు కంపెనీ కట్టుబడాలి, మీరు కాదు. అయితే షిఫ్టు ఆలస్యమైందన్న గోడు అక్కడ పెద్దగా చెల్లదు. లోపం పట్టాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో కెమెరా ఆధారంగా నేరుగా పోస్టులో వచ్చే నోటీసు కారు ఆపిన 14 రోజుల్లో అందకపోతే, 2012 చట్టం కింద బాధ్యత రిజిస్టర్డ్ కీపర్ (వాహనం ఎవరి పేరున నమోదైందో వారు) మీదికి రాదు, కారు నడిపిన వారి మీదే ఉంటుంది. "నేను కారు ఆపాను" అని రాశారో, ఆ వాదన గోవిందా! "రిజిస్టర్డ్ కీపర్‌గా రాస్తున్నాను" అనండి చాలు.

నేనైతే ముందు ట్రస్టుకు రాస్తాను, జవాబు కోసం ఎదురుచూస్తూ అప్పీలు గడువు మాత్రం దాటనివ్వను. నోటీసును చెత్తబుట్టలో వేయడం మూడో దారి కాదు: 2017లో కార్డిఫ్ ఆసుపత్రి సిబ్బంది కోర్టులో ఓడిపోయారు.