సూపర్‌మ్యానా, బ్యాట్‌మ్యానా?

ఈ ఇద్దరు కామిక్స్ హీరోలు కొట్లాడితే ఎవరు గెలుస్తారు? బలం లెక్కేస్తే ఇది పోటీయే కాదు. 1938లో వచ్చిన సూపర్‌మ్యాన్ ఎగురుతాడు, కళ్లతో నిప్పులు కురిపిస్తాడు, తూటా తగిలినా చెక్కు చెదరడు. మరుసటి ఏడాది వచ్చిన బ్యాట్‌మ్యాన్ మామూలు మనిషి. ఉన్నదల్లా డబ్బు, బుర్ర, మొండితనం.

ఉన్నపళంగా కొట్లాటకు దిగితే బ్యాట్‌మ్యాన్ రెప్పపాటులో అవుట్. అదే వారం రోజులు టైమిచ్చి చూడండి! సూపర్‌మ్యాన్ చూపు గోడల్ని దాటుతుంది గానీ సీసపు రేకును దాటలేదు. అతని బలాన్ని హరించే క్రిప్టొనైట్ అనే రాయిని సీసపు డబ్బాలో దాచి తెస్తే కనిపెట్టలేడు. మూత తీశారా, ఆ పచ్చరాయి దెబ్బకు సూపర్‌మ్యాన్ కాళ్లలో సత్తువ పోతుంది. ఆ తర్వాత పిడిగుద్దుల్లో బ్యాట్‌మ్యాన్‌దే పైచేయి.

అందుకే నా ఓటు బ్యాట్‌మ్యాన్‌కే, గడువుంటేనే సుమా. సూపర్‌మ్యాన్ నిజంగా చంపాలనుకుంటే దగ్గరికి కూడా రాడు, ఆకాశం నుంచే పని కానిచ్చేస్తాడు. అంతకు తెగించడని బ్యాట్‌మ్యాన్‌కు బాగా తెలుసు.