ప్యారలల్ బార్సా, రింగ్సా?

కరణం మల్లీశ్వరిని, కోడి రామ్మూర్తిని తలుచుకునే ఊరు మా శ్రీకాకుళం. ఇక్కడ బలమంటే ముందు గుర్తొచ్చేవి బరువులే. అందుకే ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్ వస్తుంటే మావాళ్ల చూపు రింగ్స్ మీదే, అంటే పైనుంచి వేలాడే ఆ రెండు వలయాల మీదే ఉంటుంది. చేతులు చాపి గాల్లో శిలువలా కనీసం 2 సెకన్లు కదలకుండా ఆగడం మామూలు విషయం కాదు, ఒప్పుకుంటాను.

కానీ ఏది గొప్ప అంటే నా ఓటు మాత్రం ప్యారలల్ బార్స్‌కే, అంటే పక్కపక్కనే సమాంతరంగా ఉండే రెండు కడ్డీలకే. పొడవు 3.5 మీటర్లు, నేల నుంచి ఎత్తు 2 మీటర్లు. ఇక్కడ ఒట్టి కండబలం చాలదు, ఊపు కావాలి. బార్లు వదిలేసి, గాల్లో పల్టీ కొట్టి, మళ్లీ సరిగ్గా వాటి మీదకే రావాలి. తలకిందులుగా నిలబడ్డప్పుడు ఒళ్లు కాస్త వాలినా జడ్జీలు మార్కులు కోసేస్తారు. పట్టు జారకుండా చాలామంది అరచేతులకు తేనె పూసి, పైన చాక్ పొడి రుద్దుకుంటారు. ఆ జిగురు చేతులతోనే అంత నాజూకు ఆట!

చైనా ఆటగాడు జౌ జింగ్యువాన్‌ని చూడండి. 2024 పారిస్‌లో రింగ్స్‌లో 15.233తో రజతం, బార్స్‌పై 16.200తో స్వర్ణం. రెండో స్థానంలో ఉన్న ఇలియా కోవ్తున్‌కి 15.500. ఫైనల్లో అంత తేడా రావడం చాలా అరుదు. టోక్యోలోనూ బార్స్ స్వర్ణం జౌదే.

పిల్లల్ని చేర్పించేవాళ్లు ముందు బార్స్ మీద ఊపు నేర్పించండి. భుజాలు గట్టిపడ్డాక రింగ్స్ సంగతి చూడొచ్చు.