యుద్ధంలో తుపాకీ ఎవరి చేతిలో ఉండాలి? సైనికుడి చేతిలోనా, ప్రభుత్వం డబ్బిచ్చి పెట్టుకున్న ప్రైవేటు సంస్థ మనిషి, అంటే కాంట్రాక్టర్ చేతిలోనా?

2007 సెప్టెంబరు 16న బాగ్దాద్‌లోని నిసూర్ కూడలిలో మధ్యాహ్నం ట్రాఫిక్ రద్దీగా ఉంది. అమెరికా విదేశాంగ శాఖ అధికారులకు కాపలా కాసే బ్లాక్‌వాటర్ అనే ప్రైవేటు సంస్థ గార్డులు నాలుగు సాయుధ వాహనాల్లో వచ్చి రోడ్డుకు అడ్డంగా ఆపారు. ఒక తెల్ల కియా కారు వాళ్ల వైపు కదిలింది. నడుపుతున్నది వైద్య విద్యార్థి. పక్కన అతని తల్లి, ఆమె డాక్టరు. తూటా తగిలి అతను చనిపోయాక కూడా కారు నెమ్మదిగా ముందుకు దొర్లుతూనే ఉంది. అది ఆగకపోవడం చూసి ఇంకా కాల్చారు. కారులో ఇద్దరూ పోయారు. మొత్తం 17 మంది చనిపోయారు, వాళ్లలో తొమ్మిదేళ్ల పిల్లవాడు ఉన్నాడు. కనీసం 14 మందిని చంపడానికి ఏ న్యాయమైన కారణమూ లేదని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తేల్చింది.

సైనికుడు దేశం కోసం పోరాడతాడు, కాంట్రాక్టర్ డబ్బు కోసం పోరాడతాడు, తేడా అంతే అని చాలామంది అంటారు. నాకు ఆ మాట నచ్చదు. సైనికుడూ జీతం తీసుకునేవాడే. ఈ సంస్థల్లో తుపాకీ పట్టేవాళ్లలో ఎక్కువమంది నిన్నమొన్నటి దాకా యూనిఫాం వేసుకున్నవాళ్లే. యూనిఫాం విప్పినంత మాత్రాన మనిషి చెడ్డవాడైపోడు, వేసుకున్నంత మాత్రాన మంచివాడూ అయిపోడు. 2005 నవంబరులో ఇరాక్‌లోని హదీతాలో 24 మంది పౌరులను చంపింది అమెరికా మెరైన్లు, అంటే యూనిఫాంలో ఉన్న సైనికులే. ఆ కేసులో హత్యలకు ఒక్కరికీ జైలు శిక్ష పడలేదు.

అయినా నేను సైనికుడి వైపే మొగ్గుతాను. తప్పు జరిగితే ఎవరిని నిలదీయాలో అక్కడ ముందే తెలుసు. సైనికుడి మీద అధికారి, ఆ అధికారి మీద సైనిక న్యాయస్థానం, ఆపైన చట్టసభకు జవాబు చెప్పాల్సిన మంత్రి ఉంటారు. హదీతాలో ఆ దారి ఉండి కూడా న్యాయం జరగలేదు. అది రాజ్యం వైఫల్యం, దానికి రాజ్యాన్ని తిట్టవచ్చు, ఓటుతో దించవచ్చు. నిసూర్‌లో స్పష్టమైన దారే లేదు. విదేశీ కాంట్రాక్టర్లపై ఇరాక్ కోర్టుల్లో విచారణ జరపకూడదని ఇరాక్‌ను ఆక్రమించాక అమెరికా పెట్టిన పాలకులు జారీ చేసిన 17వ నంబరు ఉత్తర్వు అప్పటికి అమల్లో ఉంది. అమెరికా చట్టం చూస్తే, రక్షణ శాఖ పనిలో ఉన్న కాంట్రాక్టర్లకు వర్తిస్తుందని స్పష్టంగా ఉంది. వీళ్లు పనిచేసింది విదేశాంగ శాఖకు. ఈ చిక్కుముళ్లు విప్పి నలుగురిని దోషులుగా తేల్చేసరికి 2014 వచ్చింది. 2020 డిసెంబరులో నలుగురికీ అధ్యక్షుడి క్షమాభిక్ష దొరికింది. చనిపోయినవాళ్ల కుటుంబాల్లో కొందరు సాక్ష్యం చెప్పడానికి ఇరాక్ నుంచి అమెరికా దాకా వెళ్లారు. వాళ్లకు ఆ రోజు ఎలా అనిపించి ఉంటుందో తలచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇంకో తేడా కాంట్రాక్టు కాగితంలోనే ఉంది. తమ కాపలాలో ఉన్న ఒక్క అధికారి కూడా చనిపోలేదని బ్లాక్‌వాటర్ గర్వంగా చెప్పుకునేది. అది నిజమే, ఆ సంస్థకు డబ్బిచ్చిందే అందుకు. ఆ కాగితం ప్రకారం పక్క కారులో ఉన్నవాడి ప్రాణానికి లెక్క లేదు. అదే ఊళ్లో సైన్యానికి మాత్రం జనం నమ్మకం సంపాదించమని ఆదేశం. వీధిలో నిలబడి చూసే మనిషికి ఎవరు సైన్యమో, ఎవరు కంపెనీయో ఎలా తెలుస్తుంది? 2004 మార్చి 31న ఇరాక్‌లోని ఫలూజాలో నలుగురు బ్లాక్‌వాటర్ కాంట్రాక్టర్లను చంపి, వాళ్లలో ఇద్దరి శవాలను వంతెనకు వేలాడదీశారు. వారం తిరక్కుండానే మెరైన్లు ఆ ఊరి మీద దాడికి దిగాల్సి వచ్చింది. ఒక కంపెనీ కాన్వాయ్ ప్రయాణం ఒక ఊరంతటి యుద్ధానికి దారితీసింది.

కాంట్రాక్టర్ల పక్షాన చెప్పగల బలమైన ఉదాహరణ పశ్చిమ ఆఫ్రికా దేశం సియెర్రా లియోన్. దాన్ని తేలిగ్గా కొట్టేయలేను. 1995లో తిరుగుబాటుదారులు రాజధాని ఫ్రీటౌన్ దగ్గరికి వచ్చేశారు. ఆ యుద్ధంలో మామూలు జనం చేతులు నరికేవాళ్లు. దక్షిణాఫ్రికాకు చెందిన ఎగ్జిక్యూటివ్ అవుట్‌కమ్స్ సంస్థ కొన్ని వందల మందితో వచ్చి వాళ్లను వెనక్కి తరిమింది. 1996లో ఎన్నికలు జరిగాయి. తర్వాత అదే దేశానికి ఐక్యరాజ్యసమితి పంపిన శాంతి సైనికుల్లో వందల మందిని 2000 మేలో తిరుగుబాటుదారులు బందీలుగా పట్టుకున్నారు. నా చెయ్యి నరకబోతున్నవాణ్ని ఎవరైనా ఆపితే, నీకు జీతం ఎవరిస్తున్నారని నేను అడగను. ఈ మాట ఒప్పుకోకుండా ఈ చర్చ చేయడం అన్యాయం.

కానీ ఆ తర్వాతి కథ కూడా చూడాలి. 1997 జనవరిలో కంపెనీ వెళ్లిపోయింది. మేలో సైనిక కుట్ర జరిగి, ఎన్నికైన ప్రభుత్వం కూలింది. అద్దెకు తెచ్చుకున్న రక్షణ అద్దె ఉన్నన్నాళ్లే. పైగా ఖజానాలో డబ్బు లేని ప్రభుత్వం దేనితో చెల్లిస్తుంది? ఆ సంస్థతో సంబంధమున్న కంపెనీకి వజ్రాల గని హక్కులు దక్కాయి. గని చేజారాక, సొంత సైన్యాన్ని నిలబెట్టుకోవడానికి ఆ దేశానికి ఏం మిగిలినట్టు?

రష్యా ప్రైవేటు సైనిక సంస్థ వాగ్నర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ సంస్థతో తమకు సంబంధం లేదని రష్యా ప్రభుత్వం ఏళ్ల తరబడి బుకాయించింది. ఆ సంస్థే తిరుగుబాటు చేశాక, 2023 జూన్‌లో, ఒక్క ఏడాదిలోనే దానికి 86 బిలియన్ రూబుళ్లకు పైగా ఇచ్చామని పుతినే చెప్పారు. కాదనడానికి వీలుగా ఉండటమే ఆ ఏర్పాటులో అసలు సౌకర్యం.

కాబట్టి కాల్చే పని, ఖైదీలను ప్రశ్నించే పని కంపెనీలకు ఇవ్వకూడదన్నది నా అభిప్రాయం. ఇరాక్‌లో అమెరికా సైన్యం నడిపిన అబూ ఘ్రైబ్ జైల్లో 2003-04లో సీఏసీఐ అనే అమెరికా సంస్థ మనుషులు ప్రశ్నించేవాళ్లుగా పనిచేశారు. అక్కడ హింస అనుభవించిన ముగ్గురికి ఆ సంస్థ 4.2 కోట్ల డాలర్లు చెల్లించాలని అమెరికా జ్యూరీ తీర్పు చెప్పేసరికి 2024 వచ్చింది. అంటే ఇరవై ఏళ్లు!

వంట, లారీలు, బట్టలు ఉతకడం, జనరేటర్లు బాగుచేయడం వేరే సంగతి. ఈ పనులకు సైనికుడే కావాలని లేదు. అయితే ఇక్కడి అన్యాయం కాంట్రాక్టర్ చేసేది కాదు, అతనికి జరిగేది. 2004 ఆగస్టులో ఇరాక్‌లో మిలిటెంట్లు 12 మంది నేపాలీ కూలీలను చంపేశారు. వంటపనికి, క్లీనింగ్ పనికి వెళ్లినవాళ్లు. జోర్డాన్‌లో ఉద్యోగమని చెప్పి యుద్ధంలోకి తీసుకెళ్లారు. ఆ వార్త తెలిసి కాఠ్మాండూ అట్టుడికిపోయింది.

సైనికుడు చనిపోతే జెండా కప్పిన పెట్టె ఇంటికొస్తుంది, పేపర్లో ఫోటో వస్తుంది, యుద్ధం ఇంకెన్నాళ్లని జనం అడుగుతారు. 2001 తర్వాతి యుద్ధాల్లో అమెరికా వైపు సైనికులు సుమారు 7 వేల మంది చనిపోతే, కాంట్రాక్టర్లు అంతకంటే ఎక్కువమందే పోయి ఉంటారని పరిశోధకుల అంచనా. అంచనా అని ఎందుకంటున్నానంటే, వాళ్ల మరణాలు రక్షణ శాఖ రోజూ ప్రకటించే జాబితాలో ఉండవు. 1941 నాటి చట్టం కింద కార్మిక శాఖకు వచ్చిన బీమా క్లెయిముల్లో వెతుక్కోవాలి. క్లెయిము వేయడం తెలియని కుటుంబాల వాళ్లు అక్కడా కనబడరు. వంటవాడి పేరు, లారీ డ్రైవరు పేరు సైనికుడి పేరు పక్కనే, అదే జాబితాలో, అదే రోజు అచ్చయ్యేదాకా ఆ కాంట్రాక్టులకు కూడా నేను సరే అనలేను.