ఢిల్లీలో కారు మాట్లాడుకునే ముందు: మొహమాటానికి మేం కట్టిన బిల్లు

పోయిన నెల నేనూ మా ఆవిడా ఢిల్లీ వెళ్లాం. మేం విజయవాడలో రైలెక్కాం. వరంగల్‌లో మా ఎదురు బెర్తుల్లోకి ఒక జంట, వాళ్ల ఎనిమిదేళ్ల పాప వచ్చారు. నాగపూర్ దాటేసరికి వాళ్ల సకినాలు మా డబ్బాలో, మా పులిహోర వాళ్ల ప్లేట్లలో. ఇద్దరికీ ఢిల్లీ కొత్తే. "విడివిడిగా ఎందుకన్నా, ఒకటే బండి మాట్లాడుకుందాం" అన్నాడాయన. మంచి మనుషులు, ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటున్నాం. ఈ ఫిర్యాదు వాళ్ల మీద కాదు.

స్టేషన్ బయట ఒక డ్రైవర్ తగులుకున్నాడు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా 2,500, ఏసీ, అన్ని పాయింట్లూ చూపిస్తానన్నాడు. అంతా నోటిమాటే. ఏ పాయింట్లో, పార్కింగ్ ఎవరిదో, ఎన్ని కిలోమీటర్లో ఒక్క ముక్క వాట్సాప్‌లోనైనా పెట్టించుకోలేదు.

ముందు కుతుబ్ మీనార్. గేటు దగ్గర డ్రైవర్ పిలిచిన కుర్రాడు "క్యూ లేకుండా" అంటూ తలకి వంద చొప్పున 500 పట్టుకుపోయి టికెట్లు తెచ్చాడు. లోపల నీడలో కూర్చున్నప్పుడు చూస్తే టికెట్ మీద 35 అని ఉంది. పైగా ఐదుగురికి డబ్బులిస్తే చేతిలో ఉన్నవి నాలుగే. పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్ల లోపు పిల్లలకి టికెట్టే లేదు. ఆ సంగతి వాడికి తెలుసు, మాకు తెలీదు. గేటు దగ్గరే క్యూఆర్ కోడ్ ఉంది, ఫోన్‌లోనే కొనుక్కోవచ్చు.

తర్వాత హుమాయూన్ సమాధికి వెళ్లాలి. దారిలో డ్రైవర్‌కి ఫోన్ వచ్చింది, లేదా వచ్చినట్టు నటించాడు. వీఐపీ మూమెంట్ ఉందట, మూడింటి దాకా లోపలికి వదలరట, ఈలోపు గవర్నమెంట్ ఎంపోరియం చూద్దాం, కొనక్కర్లేదు, పది నిమిషాలే అన్నాడు. సోమవారాల్లో ఎర్రకోట, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్ నిజంగానే మూసి ఉంటాయి కాబట్టి "ఈరోజు బంద్" అంటే ఎవరైనా నమ్మేస్తారు. మేం వెళ్లింది బుధవారం. సాయంత్రం ఐదింటికి హుమాయూన్ సమాధికి చేరాక గేటు దగ్గర సెక్యూరిటీ అతన్ని అడిగితే, పొద్దుటి నుంచీ తెరిచే ఉందన్నాడు.

అసలు దెబ్బ ఆ షాపులో తగిలింది. నాకు దిగాలనే లేదు. కానీ చెల్లెమ్మకి షాపింగ్ సరదా ఉందేమో, నిన్న పరిచయమైన వాళ్ల ముందు వద్దంటే ఏం బాగుంటుందని నోరు మూసుకున్నాను. ఇంటికొచ్చాక ఫోన్లో తేలింది, ఆవిడకీ ఇష్టం లేదట. "అన్నయ్యగారు ఏమైనా కొంటారేమోనని ఊరుకున్నాం" అంది. పాప ఒక్కతే నిజం చెప్పింది, "నాన్నా, ఇక్కడ బోర్ కొడుతోంది" అని. మేమిద్దరమే అయుంటే "ముందు అక్కడికి పోనీయవయ్యా" అని ఒక్క కేక వేసేవాణ్ణి. కొత్త స్నేహాలతో తిరిగేవాళ్ల దగ్గర ఈ బేరం ఎంత తేలిగ్గా తెగుతుందో ఆ డ్రైవర్లకి బాగా తెలుసు.

బోర్డు మీద "గవర్నమెంట్ అప్రూవ్డ్" అని ఉంది. మేం అడుగు పెడుతుండగానే గుమ్మం దగ్గర కుర్రాడు నోట్‌బుక్కులో మా కారు నంబరు రాసుకున్నాడు. కమీషన్ లెక్క అన్నమాట. లోపల "బాగున్నారా అండీ" అని తెలుగులో పలకరింపు, టీలు, పాపకి చాక్లెట్. తర్వాత పష్మీనా, అంటే మేలురకం మేక ఉన్ని అంటూ శాలువా తీసి ఉంగరంలోంచి సర్రున లాగి చూపించాడు. 14,000 చెప్పి 6,500కి దిగాడు. తీసుకున్నాం.

ఇంటికొచ్చి అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించాను. ఉన్ని అయితే కాలిన వెంట్రుక వాసన రావాలి, బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోవాలి. ఇది ప్లాస్టిక్ వాసన కొట్టి, కరిగి, చివర నల్లటి గట్టి పూసలా మిగిలింది. పల్చగా ఉన్న ఏ గుడ్డైనా ఉంగరంలోంచి దూరుతుంది, దాంతో ఏమీ తేలదు.

బిల్లు తీసి చూస్తే పైన "ఎస్టిమేట్" అని ఉంది, జీఎస్టీ నంబరే లేదు. అసలు బిల్లయితే పదిహేను అక్షరాల నంబరు ఉండాలి, ఢిల్లీది 07తో మొదలవుతుంది. యూపీఐలో డబ్బు వెళ్లింది కూడా షాపు పేరు మీద కాదు, ఎవరో మనిషి పేరు మీద. ఇవన్నీ కౌంటర్ దగ్గరే నిమిషంలో చూసుకోవచ్చు. చూసుకోలేదు. నిజమైన ప్రభుత్వ షాపులు కావాలంటే జనపథ్‌లో సెంట్రల్ కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం ఉంది, బాబా ఖడక్ సింగ్ మార్గ్‌లో రాష్ట్రాల ఎంపోరియాలు వరసగా ఉన్నాయి.

ఆరింటికి దింపేటప్పుడు డ్రైవర్ 3,700 అడిగాడు. పార్కింగ్, ఎక్స్‌ట్రా కిలోమీటర్లు అంటూ లెక్క చెప్పాడు. పాప భుజం మీద నిద్రపోతోంది, రోడ్డు మీద గొడవెందుకని అదీ కట్టేశాం. పర్యాటకుల కోసం 1363 అనే హెల్ప్‌లైన్ ఉందని అప్పుడు తెలీదు. మర్నాడు మెట్రో ఎక్కాం. లాల్ ఖిలా స్టేషన్‌లో దిగితే ఎర్రకోట, తర్వాతి స్టేషనే జామా మసీదు. ముందు రోజూ ఇలాగే తిరిగి ఉండాల్సింది.

షాపుకి ఫోన్ చేస్తే "నో రిటర్న్" అని పెట్టేశారు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం, బిల్లులో గడువు రాయకపోతే లోపమున్న వస్తువుని ముప్పై రోజుల్లోపు వెనక్కి తీసుకోనంటే అది అన్యాయ వ్యాపార పద్ధతే. కేసు వేయడానికి ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. ప్రస్తుతానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, డాకెట్ నంబరు వచ్చింది. వరంగల్ తమ్ముడు కూడా తన యూపీఐ స్క్రీన్‌షాట్ పంపాడు. ఆయన కొన్న బెడ్‌షీట్ మొదటి ఉతుకులోనే రంగు వదిలిందట.