గ్లాండ్ ప్యాకింగ్ స్థానంలో కార్ట్రిడ్జ్ సీల్: ఒక సమీక్ష

ఎండ్ సక్షన్ (ఒక చివర నుంచి నీటిని పీల్చే) నీటి పంపులో, తిరిగే షాఫ్టు చుట్టూ నీరు ఎక్కువగా కారకుండా దట్టించే తాడు లాంటి గ్లాండ్ ప్యాకింగ్ తీసివేసి, ఆ స్థానంలో ఒకే జత ఫేసులతో ముందే కూర్చి వచ్చే సింగిల్ కార్ట్రిడ్జ్ మెకానికల్ సీలును అమర్చి నడిపిన అనుభవం మీద ఈ సమీక్ష రాస్తున్నాను. ఒకదానికొకటి ఆని నీటిని ఆపే రెండు ఫేసులూ (ఒకటి షాఫ్టుతో తిరుగుతుంది, రెండోది కదలదు) సిలికాన్ కార్బైడ్, ఓ-రింగులు ఈపీడీఎం (ఒక రకం రబ్బరు), షాఫ్టు మీద ఎక్కే గొట్టం లాంటి స్లీవు స్టెయిన్‌లెస్ స్టీలు. ఈ తరహా సీళ్లను అనేక కంపెనీలు దాదాపు ఒకే పద్ధతిలో తయారుచేస్తున్నాయి కనుక తయారీదారు పేరుతో పనిలేదు.

దీని ప్రధానమైన సుగుణం అమరికలో ఉంది. విడిభాగాలుగా వచ్చే సీలులో ఫిట్టరు షాఫ్టు మీద గుర్తు గీసి, స్ప్రింగు ఎంత నొక్కుకోవాలో కొలిచి బిగించాలి. ఆ కొలత తప్పితే ఫేసులు సరిగా ఆనక నీరు కారుతుంది, లేదా మరీ ఒత్తుకుని వేడెక్కుతాయి. కార్ట్రిడ్జ్‌లో ఆ కొలత ఫ్యాక్టరీలోనే స్థిరపడి, సెట్టింగ్ క్లిప్పులతో బిగించి వస్తుంది. అయితే వరుస తప్పకూడదు: సీలును పంపుకు పట్టి ఉంచే గ్లాండ్ బోల్టులు సమంగా బిగించి, ఇంపెల్లర్ (నీటిని నెట్టే చక్రం) క్లియరెన్సు, కప్లింగ్ అలైన్‌మెంట్ (పంపు, మోటారు షాఫ్టులను ఒకే వరుసకు తేవడం) పూర్తయిన తరువాతనే స్లీవును షాఫ్టుకు పట్టించే సెట్ స్క్రూలు బిగించి, చివరగా క్లిప్పులు తప్పించాలి. స్క్రూలు బిగించాక ఇంపెల్లరును జరిపితే ఫ్యాక్టరీ కొలతకు అర్థమే ఉండదు. ఇంత ముఖ్యమైన వరుసను పెట్టెలోని కాగితంలో ఒక చిన్న బొమ్మతో సరిపెట్టడం ఈ ఉత్పత్తిలో నాకు నచ్చని మొదటి విషయం.

రెండవది, పాత పంపుల గురించి కాగితంలో ఒక్క మాటైనా లేకపోవడం. ఏళ్ల తరబడి ప్యాకింగ్ రాసుకున్న చోట షాఫ్టు స్లీవు మీద గాళ్లు పడి ఉంటాయి. కార్ట్రిడ్జ్ లోపలి ఓ-రింగు సరిగ్గా ఆ గాడిలో కూర్చుంటే నీరు కార్ట్రిడ్జ్ స్లీవు కింద నుంచి కారుతుంది. చూసేవారు మాత్రం ఫేసులు పాడయ్యాయని కొత్త సీలుకు ఆర్డరు పెడతారు. పంపు స్లీవును ముందే మార్చి, డయల్ గేజ్‌తో షాఫ్టు రనౌట్ (తిరిగేటప్పుడు పక్కకు ఊగే కొలత) 0.05 మిల్లీమీటరు లోపల ఉందో లేదో చూసుకోవడం తప్పక తీసుకోవలసిన జాగ్రత్త. ఓ-రింగులకు మామూలు పెట్రోలియం గ్రీజు రాయకూడదు, దానికి ఈపీడీఎం ఉబ్బిపోతుంది. సిలికాన్ గ్రీజు గానీ సబ్బునీళ్లు గానీ చాలు.

ఫేసుల ఎంపిక విషయంలో, ఏ నీటికైనా రెండు ఫేసులూ సిలికాన్ కార్బైడే ఉండాలన్న అమ్మకందారుల సలహాతో నేను ఏకీభవించను. ఫేసుల మధ్య నిలిచే నీటి పొర సుమారు ఒక మైక్రాన్ మందం ఉంటుంది. వాటికి కందెన అదే, చల్లబరిచేదీ అదే. గాలి చిక్కుకుని ఆ పొర ఆరిపోతే సిలికాన్ కార్బైడ్ జత త్వరగా వేడెక్కి బీటలు వారుతుంది, అదే కార్బన్ ఫేసు అయితే కొంతసేపు ఓర్చుకుంటుంది. కాబట్టి శుభ్రమైన నీటికి కార్బన్‌తో జతకట్టిన సిలికాన్ కార్బైడే మేలు, ఇసుక కలిసిన నీటికి మాత్రమే రెండు వైపులా గట్టి ఫేసులు కావాలి. ఏ జత అయినా, పంపును నీటితో నింపి, సీల్ చాంబరులోని గాలిని తీసివేయకుండా స్టార్ట్ చేయకూడదు. డిశ్చార్జి (పంపు నీటిని బయటకు నెట్టే వైపు) నుంచి సీలుకు నీరు తెచ్చే ఫ్లష్ లైను ఉంటే, అందులోని ఆరిఫిస్ (సన్నని రంధ్రం) మట్టితో పూడిపోతుందేమో అప్పుడప్పుడు విప్పి చూడాలి.

రోజువారీ పని నిజంగానే తగ్గింది. ప్యాకింగ్ చల్లగా ఉండాలంటే నిమిషానికి 40 నుంచి 60 చుక్కలు కారనివ్వడం, గ్లాండ్ నట్లను కొద్దికొద్దిగా సర్దుతూ ఉండడం తప్పదు. ఇక్కడ సర్దడానికి ఏమీ లేదు, చూడడమే మిగిలింది. విప్పిన ఫేసులు చెప్పే సమాచారం కూడా విలువైనది: అరుగుదల గీత ఎదుటి ఫేసు వెడల్పును మించి ఉంటే షాఫ్టు ఊగుతోందని, కేంద్రం నుంచి అంచుకు సన్నని పగుళ్లుంటే నీరు అందక వేడెక్కిందని అర్థం.

బేరింగులు బాగున్న, నిలకడగా నీరందే పంపుకు ఈ సీలును నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. బేరింగు అరిగి షాఫ్టు కొట్టుకుంటున్న పంపుకైతే, మరమ్మతు జరిగే దాకా ప్యాకింగే నయం. కొనేముందు ఫేసులు, ఓ-రింగులతో కూడిన రిపేర్ కిట్టు విడిగా దొరుకుతుందా అని అడిగి తెలుసుకోండి. దొరకకపోతే ప్రతిసారీ మొత్తం కార్ట్రిడ్జ్‌ను మార్చవలసి వస్తుంది.