ఓడిన్ ప్రాజెక్ట్ ఫౌండేషన్స్: బడి తెరిచేలోపు పూర్తవుతుందా?

సెలవుల్లో వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుందామనుకునే విద్యార్థికి చేతిలో పది వారాలుంటే 'ది ఓడిన్ ప్రాజెక్ట్' అనే వెబ్‌సైట్ వాళ్ల ఫౌండేషన్స్ (ప్రాథమిక) కోర్సు కళ్లు మూసుకుని మొదలుపెట్టొచ్చు. మూడు వారాలే ఉంటే మొత్తం కోర్సు వద్దు. కోర్సు ఉచితం, ఓపెన్ సోర్స్. సర్టిఫికెట్ ఇవ్వరు. వీడియోలు తక్కువ, చదవాల్సింది బోలెడు, అదీ ఇంగ్లిష్‌లోనే.

తొలి గండం ఇన్‌స్టలేషనే. మ్యాక్ గానీ లైనక్స్ గానీ ఉంటే ఇబ్బంది లేదు. విండోస్‌ను కోర్సు నేరుగా ఒప్పుకోదు కాబట్టి వర్చువల్ మెషిన్ (విండోస్ లోపలే నడిచే నకిలీ కంప్యూటర్), డ్యూయల్ బూట్ (విండోస్ పక్కనే లైనక్స్‌నూ ఎక్కించడం), డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్‌లోనే లైనక్స్‌ను నడిపే మైక్రోసాఫ్ట్ సదుపాయం)లలో ఒకటి ఎంచుకోవాలి. ఇంట్లో అందరూ వాడే కంప్యూటరైతే డ్యూయల్ బూట్ జోలికి పోవద్దు. డిస్క్‌ను విడగొట్టే పార్టిషన్ దగ్గర ఒక్కటి తప్పు నొక్కితే అందరి ఫైళ్లూ గల్లంతే. 4 జీబీ ర్యామ్‌తో వర్చువల్ మెషిన్ నత్తనడక నడుస్తుంది. మిగిలింది డబ్ల్యూఎస్ఎల్2, అదే నయం. ప్రాజెక్టులను మాత్రం సీ డ్రైవ్‌లో కాకుండా లైనక్స్ హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. లేకపోతే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ (కోడ్ ప్యాకేజీలను దించుకునే కమాండ్) కొట్టిన ప్రతిసారీ చాలాసేపు ఎదురుచూడాలి.

హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ నిర్మాణాన్ని రాసే భాష) కంటే ముందే గిట్ (కోడ్‌లో చేసిన మార్పులను నమోదు చేసే సాధనం) నేర్పించడం ఈ కోర్సులో మెచ్చుకోవాల్సిన విషయం. కష్టంగానే ఉంటుంది కానీ, తర్వాత చేసే ప్రతి ప్రాజెక్టూ గిట్‌హబ్ (గిట్ ప్రాజెక్టులను ఆన్‌లైన్‌లో ఉంచే సైటు)లోకే వెళ్తుంది. ఇక్కడ ఎస్ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్‌కు బదులు మిమ్మల్ని గుర్తించే డిజిటల్ తాళంచెవి) పాఠాన్ని దాటేయకూడదు. కమాండ్ లైన్ నుంచి పుష్ చేసేటప్పుడు (కోడ్‌ను పైకి పంపేటప్పుడు) అకౌంట్ పాస్‌వర్డ్‌ను ఒప్పుకోవడం గిట్‌హబ్ 2021 ఆగస్టులోనే మానేసింది. పాత ట్యుటోరియల్ చూసి పాస్‌వర్డ్ కొడుతూ కూర్చుంటే ఎన్నిసార్లు కొట్టినా ఎర్రరే.

హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ (పేజీ రంగురూపులను చెప్పే భాష) భాగం సాఫీగా సాగుతుంది. వంటల పేజీ, ల్యాండింగ్ పేజీ చేయిస్తారు. గిట్‌హబ్ పేజెస్‌లో (పేజీని నెట్‌లో అందరికీ చూపించే గిట్‌హబ్ సేవ) పెట్టాక బొమ్మలు కనబడకపోతే ముందు ఫైలు పేరులో పెద్ద, చిన్న అక్షరాలు చూడండి. విండోస్‌కూ మ్యాక్‌కూ మామూలుగా ఆ తేడా పట్టదు, అక్కడి సర్వర్‌కు పడుతుంది.

అసలు సరుకు జావాస్క్రిప్ట్‌లో (పేజీని పనిచేయించే ప్రోగ్రామింగ్ భాష) ఉంది, సగం సమయం దానికే ఉంచుకోవాలి. పాఠాల మధ్యలో వచ్చే అభ్యాసాల్లో ఒక మెలిక ఉంది. ప్రతి అభ్యాసానికీ టెస్టులు (మన కోడ్ సరిగ్గా ఉందో లేదో చూసే ప్రోగ్రాములు) ముందే రాసి ఇస్తారు, కానీ మొదటిది తప్ప తక్కినవాటికి 'టెస్ట్ డాట్ స్కిప్', అంటే నడపకుండా వదిలేయమని, తగిలించి ఉంటుంది. ఒకటి పాసవగానే ఆ స్కిప్ తీసేసి తర్వాతది నడపాలి. రిపోర్టులో పచ్చరంగు చూసి అన్నీ అయిపోయాయనుకుని ముందుకు పోయేవాళ్లు తక్కువేం కాదు. పక్కనే సొల్యూషన్ ఫోల్డర్ కూడా ఉంటుంది, దాన్ని తెరవకుండా ఉండటమే పెద్ద పరీక్ష.

రాయి-కాగితం-కత్తెర ఆట ఫంక్షన్లు (మళ్లీమళ్లీ వాడుకునే కోడ్ ముక్కలు) నేర్పడం కోసం. దానికంటే ఎచ్-ఎ-స్కెచ్ ఎక్కువ నేర్పుతుంది: 16 అడ్డం, 16 నిలువు గళ్లను స్క్రిప్టుతోనే పుట్టించి, మౌస్ వెళ్లిన గడికి రంగు పూయాలి. 960 పిక్సెళ్ల డబ్బాలో ఒక్కో గడికి 60 పిక్సెళ్లు ఇస్తే వరసకు 16 పట్టాలి కదా, 15 మాత్రమే పడతాయి. గడికి 1 పిక్సెల్ బోర్డర్ పెట్టి ఉంటారు, అది రెండు వైపులా కలిసి గడి వెడల్పు 62 అవుతుంది. 62ను 16తో హెచ్చిస్తే 992, డబ్బా దాటిపోతుంది కాబట్టి పదహారో గడి కింది వరసకు దిగుతుంది. సీఎస్ఎస్‌లో బాక్స్-సైజింగ్‌ అనే సెట్టింగ్‌ను బోర్డర్-బాక్స్ చేస్తే బోర్డర్ 60లోనే ఇమిడిపోతుంది. సీఎస్ఎస్‌లో బాక్స్ మోడల్ (వెడల్పు, బోర్డర్ల లెక్క) ఎందుకు చదివామో ఈ ఒక్క గడితో తెలిసొస్తుంది.

చివరిది క్యాలిక్యులేటర్. ఎవాల్ (రాతను నేరుగా కోడ్‌గా నడిపే ఫంక్షన్) వాడొద్దని ముందే చెప్తారు. 5, 3 కూడితే 8కి బదులు 53 వచ్చిందంటే అంకెలు ఇంకా స్ట్రింగులుగానే (అక్షరాల వరసగానే) ఉన్నాయని అర్థం, నంబర్‌గా మార్చి కూడాలి. 0.1, 0.2 కూడితే వచ్చే 0.30000000000000004 మాత్రం మీ తప్పు కాదు. కంప్యూటర్‌కు బైనరీలో (0, 1లతో) 0.1ని కచ్చితంగా దాచుకోవడం కుదరదు. చూపించే ముందు రౌండ్ చేస్తే చాలు.

లెక్క ఇలా వేసుకోండి: రోజుకు రెండు గంటలు, వారానికి ఐదు రోజులు, పది వారాలకు వంద గంటలు. ఇన్‌స్టలేషన్, గిట్‌కు వారం, హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌కు మూడు వారాలు, జావాస్క్రిప్ట్‌కు ఐదు. ఆఖరి వారం ఖాళీగా వదలండి, క్యాలిక్యులేటరే దాన్ని తినేస్తుంది. బడిలో పైథాన్ భాషో సీ భాషో ఉంది కదా అని అది కూడా ఇప్పుడే పక్కన పెట్టుకోవద్దు. లూపులు, ఫంక్షన్లు, అర్రేలు ఒక భాషలో ఒంటబడితే రెండో భాషలో మారేది చాలావరకు రాతే. రెండూ ఒకేసారి పట్టుకుంటే పైథాన్‌లో సెమికోలన్లు, జావాస్క్రిప్ట్‌లో ఇండెంటేషన్ తంటాలు.

మూడు వారాలే ఉన్నవాళ్లు ఇన్‌స్టలేషన్ పాఠాలు పక్కనపెట్టి, బ్రౌజర్‌తో, వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్‌తో ల్యాండింగ్ పేజీ వరకు చేయండి. గిట్, జావాస్క్రిప్ట్ తర్వాతి సెలవులకు.