జీడిపప్పు డ్రయ్యర్‌కి కర్ర గ్యాస్: ఎనిమిదేళ్ల తర్వాత

పలాసలో మాది చిన్న జీడి యూనిట్. పిక్కలు ఉడికించే బాయిలర్ పాతదే. పప్పు ఆరబెట్టే డ్రయ్యర్‌కి మాత్రం 2016లో గ్యాసిఫైయర్, అంటే కర్రని గ్యాస్‌గా మార్చే మెషిన్, పెట్టుకున్నాం. కెపాసిటీ, రేటు లాంటివి అమ్మేవాళ్లే చెబుతారు. నేను చెప్పాలనుకున్నది దాని గ్యాస్ లైనుకి ఉన్న ఒక్క వాల్వు గురించి.

పప్పుని 70 డిగ్రీల దగ్గర 6, 7 గంటలు నిలకడగా ఆరబెడితేనే పైపొట్టు వదులవుతుంది. వేడి తగ్గితే పొట్టు ఊడదు, పెరిగితే పప్పు ఎర్రబడుతుంది. ఎర్రబడిందంటే రేటు పడిపోయినట్టే. ఇదివరకు డ్రయ్యర్ కింద కర్రల పొయ్యి ఉండేది. రాత్రి కాపలా మనిషికి కాస్త కునుకు పడితే మంట చల్లారేది. ఉలిక్కిపడి లేచి నాలుగు దుంగలు ఎక్కువ తోస్తే, తెల్లారేసరికి కింది వరస ట్రేలు మాడిపోయేవి. ఆ టెన్షన్‌తో ఎన్నేళ్లు సరిగ్గా నిద్రపోలేదో నాకే తెలుసు.

ఇప్పుడు వాల్వు పావు చుట్టు తిప్పితే మంట తగ్గుతుంది, వెనక్కి తిప్పితే పెరుగుతుంది, అచ్చం వంటింట్లో సిలిండర్ పొయ్యిలాగే. లోపల కాలుతున్నది మాత్రం మన సరుగుడు కర్రే. మొదటి వారంలోనే, పొట్టు తీసే ఒకావిడ పప్పు దోసిట్లోకి తీసుకుని "ఏటి బాబూ, ఇయ్యేల పప్పు ఇంత తెల్లగున్నాది?" అంది. ముప్ఫై ఏళ్లుగా పప్పు చూస్తున్న మనిషి ఆ మాట అంటే నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ రోజు నుంచి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఈ మెషిన్ గురించి చెప్పాను. ఏ కర్రయినా వేసుకోవచ్చని కూడా చెప్పాను.

ఆ మాట ఇప్పుడు అనను.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీద పడింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు ఎలా పడుకున్నాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మా నాన్న వేసిన తోటలో చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కరెంటు లేదు. దీపావళి సరుకు ఇస్తామని ఒప్పుకున్నాం. జనరేటర్ మీద బ్లోయర్ (గ్యాసిఫైయర్ ఫ్యాను) తిప్పుకుంటూ, తోటలో పడిన జీడి కర్రే కోయించి, నాలుగు రోజులు ఎండలో వేసి, ఆ ముక్కల్నే పైనుంచి నింపాం. పోయిన చెట్టు కనీసం ఇలాగైనా పనికొచ్చిందనుకున్నాను.

మొదటి రోజే తేడా కనిపించింది. గ్యాస్‌ని బర్నర్‌కి వదిలే ముందు పక్క గొట్టం దగ్గర వెలిగించి చూస్తాం. కర్ర ఆరి ఉంటే మంట పల్చగా, నీలంగా, పొగ లేకుండా నిలబడుతుంది. ఆ రోజు పసుపుపచ్చగా రెపరెపలాడుతూ కొసన పొగ చిమ్మింది. చూసీ ఊరుకున్నాం. మూడో రాత్రి బ్లోయర్ చప్పుడు మారింది, మంట గుప్పుగుప్పుమని ఆరిపోయింది. పైపు విప్పితే లోపల తాటిబెల్లం పాకంలా నల్లటి తారు. వేలు పెడితే తీగలా సాగింది. బ్లోయర్ రెక్కలు దానికే అతుక్కుపోయాయి.

ఇది ఎందుకైందో తర్వాత మా బావమరిది కూర్చోబెట్టి చెప్పాడు. లోపల కర్ర పూర్తిగా కాలదు, చాలీచాలని గాలిలో సగమే కాలుతుంది. దాంట్లోంచి వచ్చే తారు ఆవిరి, 1000 డిగ్రీలు దాటిన చోటునీ ఎర్రటి బొగ్గుల పొరనీ దాటుకుంటూ విరిగి గ్యాస్ అయిపోవాలి. కర్ర పచ్చిగా ఉంటే ఆ వేడంతా నీళ్లు మరిగించడానికే ఖర్చవుతుంది. వేడి చాలక తారు తారుగానే పైపుల్లోకి వచ్చేస్తుంది. తేమ 20 శాతం లోపే ఉండాలని కొన్నప్పుడు ఇచ్చిన కాగితంలో ఉంది. చదివాను, పట్టించుకోలేదు.

డ్రయ్యర్‌లో 200 కేజీల పప్పు సగం ఆరి చల్లబడింది. మళ్లీ చెమ్మ పట్టి పొట్టు రాలేదు, గీకితే బద్దలైపోయింది. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే వస్తామన్నారు, మూడు వారాలకు గానీ మనిషి రాలేదు. రెండు రోజులు మేమే కిరసనాయిలు గుడ్డలతో, రేకు ముక్కలతో గీకాం. ఆ తొందరలో ఇంకో తప్పు చేశాం. లోపల బొగ్గు చల్లారకుండానే మూత తీశాం. దగ్గరున్న కుర్రాడు తల పగిలిపోతోందని కూలబడ్డాడు. ఎత్తుకొచ్చి గాలిలో పడుకోబెడితే కాసేపటికి తేరుకున్నాడు. ఈ గ్యాస్‌లో దాదాపు ఐదో వంతు కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన ఉండదు. తర్వాత ఆ గదికి రెండు వైపులా గోడలు సగానికి కొట్టించేశాను. మూసిన గదిలో దీన్ని ఎవరూ పెట్టుకోవద్దు.

అప్పటి నుంచి కర్రకి ప్రత్యేకంగా రేకుల షెడ్డు ఉంది. దుంగ చివర పగుళ్లు కనబడాలి, రెండు ముక్కలు కొట్టుకుంటే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే వెనక్కే. అనుమానం ఉంటే ఒక ముక్కకి గుర్తు పెట్టి వారం వారం తూస్తాం, బరువు తగ్గడం ఆగాకే వాడతాం. జీడి తొక్క ఇంట్లోనే ఉంది కదా, అది వేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. తొక్కలో నూనె ఎక్కువ. ఒకసారి కొంచెం కలిపి చూస్తే మళ్లీ అదే తారు. తొక్క నూనె మిల్లుకే పంపుతున్నాం.

ఖర్చు మిగులుతుందా అంటే, మాకు మిగులుతోంది. కానీ సరుగుడు తోట మా సొంతం, షెడ్డుకి జాగా ఉంది, చప్పుడు విని జబ్బు చెప్పే బావమరిది పక్కింట్లో ఉన్నాడు. కర్ర కొనుక్కుని, ముక్కలు కొట్టడానికి రోజూ ఒక మనిషికి కూలీ ఇచ్చేవాళ్లకు లెక్క వేరే. కరెంటు పోతే బ్లోయర్‌కి జనరేటర్ కూడా కావాలి. నాకైతే ఆ వాల్వు కోసమే మళ్లీ కొనాలనిపిస్తుంది.

చూడటానికి వస్తామన్నవాళ్లను ఆగస్టులో రమ్మంటున్నాను. ఎండాకాలంలో ఎవరి కర్రయినా బాగానే మండుతుంది.